ఎడమకి లాగే బండి

స్కార్త్‌బీ పాత విమానాల మైదానంలో ఏ పందెమైనా రాళ్ళు ఏరడంతోనే మొదలవుతుంది. బండి ఎంత ఖరీదుదైనా, మనిషి ఎంత గొప్పవాడైనా, పొద్దున్నే బకెట్టు పట్టుకుని వరసలో నిలబడాల్సిందే. భుజం భుజం కలిపి, తలలు దించుకుని, రన్‌వే ఈ చివర నుంచి ఆ చివరికి నడుస్తారు. గులకరాయో, బోల్టో, కాకి ఎముకో, ఏది కనబడితే అది బకెట్లో పడాలి.

మిగతా వాళ్ళకి రాయంటే మహా అయితే ఒక టైరు నష్టం. ఐవర్ మావర్‌కి అలా కాదు. అతని బండి ముందు నుంచి గాలి పీల్చి వెనక నుంచి మంట కక్కే రకం. శనగగింజంత రాయి లోపలికి పోయిందంటే చాలు, గిర్రున తిరిగే రెక్కలన్నీ పిండి పిండి. అందుకే వరసలో అందరికంటే ఎక్కువ వంగి నడిచేది అతనే.

"ఒరే ఐవర్, అంత వంగకురా. ఆనక లేవలేకపోతే నిన్ను కూడా బకెట్లో వేసుకుని మోయాలి," అన్నాడు పక్కన నడుస్తున్న మర్డో.

"నువ్వు నోరు మూసుకుని కింద చూడు."

"చూస్తూనే ఉన్నానయ్యా. ఇదిగో, కుందేలు పెంటిక. ఇంజను తింటుందా?"

మర్డో స్కాట్లండు వాడు. ఉత్తర సముద్రంలో చమురు బావుల దగ్గరికి తిరిగే హెలికాప్టర్లకి ఇంజన్లు చూసి చూసి రిటైరయ్యాడు. తుక్కులోకి పోబోతున్న ఒక పాత హెలికాప్టరు ఇంజను సంపాదించి ఐవర్‌కి అంటగట్టిన పాపం అతనిదే. ఐవర్ ట్రాక్టర్లు బాగుచేసుకు బతికేవాడు. ఊళ్ళో గోధుమ రైతులందరి బళ్ళూ అతని షెడ్డులోనే లేస్తాయి. అలాంటివాడు ఆ ఇంజన్ని చూసి, దీనికి రెండు చక్రాలు పెడితే ఏమవుతుంది అని ఒక్కసారి అనుకున్నాడు. ఆ అనుకోవడం ఎంత ఖర్చు తెచ్చిందో, ఎన్ని ఆదివారాలు తినేసిందో ఇప్పుడు తవ్వి లాభం లేదు. షెడ్డు నిండా గొట్టాలు, గోడల నిండా మసి, చివరికి పొడుగ్గా సన్నగా చేపలాంటి అల్యూమినియం డొప్పలో ఒక బండి తయారైంది. మీట నొక్కగానే ముందు కూత పెడుతుంది, అచ్చం పొయ్యి మీద మరిగే కెటిల్లా. ఊరంతా దాన్ని కెటిల్ అనే పిలిచింది. పోనీలే అని వాళ్ళూ డొప్ప మీద అదే పేరు రాసుకున్నారు.

తోలేది మాత్రం ఐవర్ కాదు. అతని పెళ్ళాం హెస్టర్.

"కట్టేది నువ్వు, ఎక్కేది నేను. ఇష్టమైతే మొదలెట్టు, లేకపోతే ఆ ఇంజన్ని ఎవడికైనా అమ్మేయ్," అని మొదటి రోజే తేల్చి చెప్పింది. యాభై దాటింది ఆవిడకి. వారమంతా స్కూలు బస్సు తోలుతుంది, గేదెల బండి కంటే నెమ్మదిగా. కానీ వయసులో ఉన్నప్పుడు గడ్డి పందాల్లో పేరున్న మనిషి. కోసిన పచ్చిక బయల్లో గుండ్రంగా బాట గీసి, బురద ఎగజిమ్ముతూ మోటారు సైకిళ్ళు తోలే పందాలు అవి. ఆ రోజుల్లో ఎడమ బూటు కింద వేసుకున్న ఇనుప లాడం ఇప్పటికీ వాళ్ళింటి తలుపు మూసుకుపోకుండా అడ్డు పెట్టుకుంటారు.

వాళ్ళకి కావలసింది ఒకటే. కొలిచిన ఒక మైలు దూరంలో ఎంత వేగంతో పోయారో అటొకసారి, ఇటొకసారి చూస్తారు. రెండూ గంటలోపు అయిపోవాలి. రెండింటి సగటు లెక్క. మంటతో నడిచే రెండు చక్రాల బళ్ళలో ఇక్కడ పందాలు నడిపే సంఘం రికార్డు లీడ్స్‌లో ఒక పళ్ళ డాక్టరు పేరు మీద ఉంది. దాన్ని చెరిపి హెస్టర్ పేరు రాయించాలి. అదీ ఈ రెండు రోజుల్లోనే, ఎందుకంటే వసంతం వచ్చేసరికి ఈ రన్‌వే మీద గోడౌన్లు లేస్తాయి. మిగతా మైదానాల వాళ్ళు మంట కక్కే బళ్ళంటే గేటు దగ్గరే దణ్ణం పెట్టి పంపేస్తున్నారు.

రాళ్ళు ఏరడం అయింది. టీలు అయ్యాయి. హెస్టర్ డొప్పలోకి దిగి, బోర్లా పడుకున్నట్టు వాలి, రెండు కాళ్ళూ వెనక్కి చాపి కాలి మెట్ల మీద ఆనించింది. కెటిల్ కూత పెట్టింది. ఆ కూత అరుపైంది, అరుపు ఉరుమైంది. వెనక గొట్టంలో రెండో మంట అంటుకునేసరికి దూరంగా దుంపల పొలంలో ఉన్న పక్షులన్నీ ఒక్కసారి లేచాయి.

బండి దూసుకుపోయింది. సగం దూరం వరకూ నూలు పట్టి గీసినట్టు వెళ్ళింది. వేగం లెక్కగట్టే గడియారాల గుడిసె దాటిందో లేదో, మెల్లిగా ఎడమకి లాగడం మొదలుపెట్టింది. రన్‌వే మధ్య తెల్ల గీత ఎక్కడ, బండి ఎక్కడ! గడ్డి అంచు దాకా పోయి, వెనక కట్టిన పారాచూట్ విప్పుకుని ఎలాగో నిలబడింది.

"గాలేమో," అన్నాడు మర్డో.

"గాలి లేదు కదరా. ఆ జెండా చూడు, ఉతికి ఆరేసిన లుంగీలా వేలాడుతోంది."

"అయితే నేల వాలుగా ఉందేమో."

అది తేల్చడం తేలికే. తిరుగు పరుగులో నేల వాలైతే బండి ఆమె కుడి వైపుకి పోవాలి. హెస్టర్ తిరిగొచ్చింది. సరిగ్గా ఆ గుడిసె దాటాక బండి మళ్ళీ ఆమె ఎడమకే లాగింది. ఈసారి ఒక చక్రం గడ్డి మీదకి ఎక్కి దిగింది కూడా.

అంటే తప్పు గాలిది కాదు, నేలది కాదు. బండిదే.

హెస్టర్ హెల్మెట్ తీసేసరికి మిస్ గార్‌ఫోర్త్ గొడుగు ఊపుకుంటూ వచ్చేసింది. ఎనభైకి దగ్గర పడిన ముసలావిడ. ఒకప్పుడు సైడ్‌కారు పందాల్లో పక్క తొట్టిలోంచి నేలకి జానెడు ఎత్తున వేలాడిన మనిషి. ఇప్పుడు ఈ సంఘంలో బళ్ళు పరీక్షించి, ఏది పరుగెత్తాలో ఏది వద్దో చెప్పేది ఆవిడే. ఆవిడ మాటకి అప్పీలు లేదు.

"మిస్టర్ మావర్, ఇవాళ్టికి చాలు. బండిని పక్కన పెట్టండి."

"సరిచేస్తాం మిస్ గార్‌ఫోర్త్. వెనక గొట్టాన్ని వెంట్రుకవాసి కుడికి తిప్పితే..."

"తిప్పితే నిటారుగా పోవచ్చు. కానీ ఎడమకి ఎందుకు లాగుతోందో మీకు తెలుసా?"

"ఇంకా తెలీదు."

"తెలీకుండా సరిచేస్తే ఒక తప్పు మీద ఇంకో తప్పు పెట్టినట్టు. రేపు పొద్దున టీ టైముకి కారణం పట్టుకుని రండి. అది నాకు నచ్చితే సంతకం పెడతాను. లేకపోతే కెటిల్‌లో నీళ్ళు కాచుకోండి." గొడుగు నేలకేసి ఒకసారి కొట్టి వెళ్ళిపోయింది.

ఇక మొదలైంది వెతుకులాట. నిజం చెప్పాలంటే ఐవర్‌కి లోపల్లోపల సరదాగానే ఉంది. చెడిపోయిన ట్రాక్టరు వస్తే అతను ముందు సుత్తి తీయడు. స్టూలు వేసుకుని కూర్చుని కాసేపు దానికేసి చూస్తాడు. ఇప్పుడూ అలాగే కూర్చున్నాడు. తర్వాత ముందు చక్రం నుంచి వెనక గొట్టం దాకా దారం కట్టి చూశారు. దారం తిన్నగా ఉంది. గుండు వేలాడదీసి చూశారు. డొప్ప నిటారుగా ఉంది. బేరింగులు విప్పారు, చక్రాలు తిప్పారు, గొట్టం మూతి చుట్టూ కొలత పెట్టారు.

"ఇంజను ఒక వైపుకి తిరుగుతోంది కదా, బొంగరంలా. బొంగరం తోసుకుపోయినట్టు తోస్తోందేమో," అన్నాడు మర్డో.

"అలాగైతే బయల్దేరినప్పటి నుంచీ తొయ్యాలి కదరా. ఆ గుడిసె దాకా ఆగి, అప్పుడు గుర్తొచ్చినట్టు తోస్తుందా?"

మర్డో బుర్ర గోక్కున్నాడు. "దానికి గుడిసె నచ్చిందేమో."

మధ్యాహ్నానికి బండిలో చూడాల్సిందంతా అయిపోయింది. హెస్టర్ రాత్రి పడుకోవడానికి తెచ్చుకున్న కారవాన్‌లో కునుకు తీస్తోంది. తోచక ఐవర్ ఆవిడ సామాను తుడవడానికి కూర్చున్నాడు. హెల్మెట్ అద్దం మీద సన్న పురుగులు చితికి అంటుకున్నాయి. పక్క పొలాల్లో కోతలు అవుతున్న రోజులు, గాలి నిండా అవే. అద్దం తుడిచాడు. చేతి తొడుగులు తుడిచాడు. కుడి బూటు తీశాడు. నల్లగా నిగనిగలాడుతోంది, తుడవడానికి ఏమీ లేదు. కాళ్ళు డొప్ప లోపల ఉంటాయి కదా మరి, అక్కడికి పురుగు రాదు.

ఎడమ బూటు తీశాడు.

బూటు ముక్కు మీద, బయటి పక్కన, అరచేతి వెడల్పున పురుగుల చారలు. ఒకటి రెండు కాదు, హెల్మెట్ మీద ఉన్నంత చిక్కగా. అన్నీ ఒకే దిశలో గీతలు గీసినట్టు సాగిపోయి ఉన్నాయి.

ఐవర్ గుడ్డ పక్కన పెట్టేశాడు. రెండు బూట్లూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. ఎక్కి దిగడానికి పక్కన వదిలిన సందులోంచి ఈ కాలు డొప్ప బయటికి వచ్చింది. బండి ఆ వేగంలో ఉండగా, అంగుళమో రెండంగుళాలో, గాలిలోకి వచ్చింది. ఆ వేగంలో గాలి అంటే గోడ. గోడకి ఎడమ పక్క ఒక బూటు తగిలిస్తే బండి ఎడమకి కాక ఎటు లాగుతుంది?

అతనికి గడ్డి పందాలు గుర్తొచ్చాయి. ఆ బాటలో అన్నీ ఎడమ మలుపులే. మలుపు మలుపుకీ ఎడమ కాలు తీసి, నేలకి ఆనించి, ఇనుప లాడం మీద జారుతూ తిరగాలి. పదహారేళ్ళ పిల్లప్పటి నుంచీ హెస్టర్ కాలికి నేర్పిన చదువంతా అదే.

కారణం దొరికింది. గంతులెయ్యాల్సింది. కానీ ఐవర్ గంతులెయ్యలేదు. బండిలో తప్పు లేదు, తోలే మనిషిలో ఉంది. ఈ మాట మిస్ గార్‌ఫోర్త్‌కి చెబితే బండికి సంతకం పెట్టి, హెస్టర్‌ని దింపేస్తుంది. అప్పుడెలా? ఇంకో కుర్రాణ్ణి ఎక్కించుకోమంటుంది. చెప్పకపోతే బండి కదలదు. చెప్పకుండా కదిలిస్తే, ఈసారి గడ్డి అంచు దగ్గర ఆగుతుందన్న నమ్మకం లేదు.

అతను బూటు పట్టుకుని కారవాన్ తలుపు తట్టాడు.

హెస్టర్ లేచి కూర్చుంది. అతను చెప్పినదంతా విన్నది. బూటు అటూ ఇటూ తిప్పి చూసింది.

"అయితే నేనా?"

"నువ్వు కాదు. నీ కాలు."

"నా కాలు నేను కాక పక్కింటావిడా? చాల్లే! నేను కాలు తియ్యలేదు ఐవర్. తీస్తే నాకు తెలీదూ?"

"తెలిసి తియ్యలేదనే అంటున్నా."

ఆవిడ విసురుగా లేచి, మేజోళ్ళతోనే వచ్చి, స్టాండు మీదున్న బండెక్కి పడుకుంది. "ఊఁ, కళ్ళు మూసుకున్నా. చూడు, వస్తుందేమో కాలు. మర్డో, బండి ఊపు. ఇంజను చప్పుడు కూడా చెయ్యి."

మర్డో బండి ఊపాడు. ఊపుతూ బుగ్గలు పూరించి కూత పెట్టాడు, ఉరిమాడు, మధ్యలో దగ్గాడు. పక్క గుడారాల వాళ్ళు ఫ్రైలు నములుతూ వచ్చి నిలబడ్డారు. హెస్టర్ కాలు కదిలితే ఒట్టు.

"చూశారుగా?"

"వాడి దగ్గుకి కాలు ఎందుకు వస్తుంది? నిజం వేగంలో, నీకు భయమేసినప్పుడు..." అన్నాడు ఐవర్.

అంతే. ఆవిడ కళ్ళు తెరిచింది. "భయమా? ఎవరికి భయం? నలభై మంది పిల్లల్ని ఎక్కించుకుని మంచులో బస్సు తోలేదాన్ని. నన్ను పట్టుకుని భయమంటావా? వంకాయ భయం!"

బండి దిగి చరచరా రన్‌వే మీదకి నడిచి వెళ్ళిపోయింది. మేజోళ్ళతోనే. ఐవర్ వెనకాల వెళ్ళబోతే మర్డో చొక్కా పట్టుకుని ఆపాడు. "వద్దురా బాబూ. ఇంజను కూడా వేడి మీద ముట్టుకోకూడదు."

హెస్టర్ గుడిసె దాకా వెళ్ళి అక్కడ నిలబడిపోయింది. చాలాసేపు అటు చూసింది, ఇటు చూసింది. ఒకసారి మోకాళ్ళు వంచి, వీపు వంచి, బండి మీద ఉన్నట్టు నిలబడింది కూడా. తిరిగొచ్చేటప్పుడు నడక మారిపోయింది. ముఖంలో కోపం లేదు. తాళంచెవి ఎక్కడ పెట్టానబ్బా అని వెతుక్కునే మనిషి ముఖంలా ఉంది.

"ఐవర్, అక్కడ ఏమవుతుందో తెలుసా? ఆ గుడిసె దగ్గరికొచ్చేసరికి కుదుపులన్నీ ఆగిపోతాయి. బండి తేలికైపోతుంది, దూదిలా. నేల మీద ఉన్నట్టే ఉండదు. నేను... నవ్వుతున్నానయ్యా అక్కడ. హెల్మెట్‌లో పైకే నవ్వుతున్నా. గడ్డి పందెంలో మలుపులో వెనక చక్రం జారినప్పుడు అచ్చం ఇలాగే ఉండేది. భయం కాదు. ఎక్కడ బాగుంటుందో అక్కడ ఈ దరిద్రపు కాలు లేస్తోంది."

"బాగుంటుందా అంత?" అన్నాడు ఐవర్. తను కట్టిన బండి మీద అతను ఎప్పుడూ అంత వేగంగా పోలేదు.

"చెప్పలేను. బాగుంటుంది."

ముగ్గురూ కలిసే మిస్ గార్‌ఫోర్త్ దగ్గరికి వెళ్ళారు. దాచకుండా మొత్తం చెప్పింది హెస్టరే. ముసలావిడ బూటు తీసుకుని, కళ్ళజోడు పైకి తోసి, పురుగుల చారలు ఒక్కొక్కటే చూసింది.

"భయపడే వాళ్ళనైతే ఇంటికి పంపేస్తాను. సంతోషపడే వాళ్ళని ఏం చెయ్యాలో నా రూల్సులో రాయలేదు," అంది. "కారణం నిజమే. నాకు నచ్చింది. కానీ మిసెస్ మావర్, ఆ కాలు మళ్ళీ లేవదని ఎలా నమ్మను?"

"నేను చూసుకుంటాను. మాటిస్తున్నా."

"మాట మీద సంతకం పెట్టను. నలభై ఏళ్ళ అలవాటు మీ మాట వినదు. వస్తువేదైనా చూపించండి."

"పట్టీతో కట్టేస్తే?" అన్నాడు మర్డో.

"కట్టేస్తే బండి పడ్డప్పుడు మనిషి కూడా బండితోనే దొర్లుతుంది. కట్టడం ఈ మైదానంలో ఎన్నటికీ లేదు."

ముగ్గురూ బయటికొచ్చారు. మర్డో, "మేకు కొట్టేస్తే?" అని గొణిగి హెస్టర్ చేత వీపు మీద ఒకటి తిన్నాడు.

ఐవర్ మళ్ళీ స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఈసారి బండికేసి కాదు, పెళ్ళాం కాళ్ళకేసి చూస్తూ. ఆవిడకి ఇబ్బందిగా ఉంది.

"ఏంటా చూపు? పెళ్ళి చూపుల్లో కూడా ఇలా చూడలేదు."

"కుడి కాలు ఎందుకు లేవట్లేదు?"

"దానికి పనుంది కదా. వెనక బ్రేకు దాని కిందే ఉంది."

"మరి ఎడమ కాలికి?"

"ఏం పని లేదు. ఊరికే చాపుకుని ఉండడమే."

ఐవర్ లేచి నిలబడ్డాడు. "అదీ సంగతి. ఖాళీగా ఉన్న కాలు పాత పని వెతుక్కుంటోంది. దానికో ఉద్యోగం ఇవ్వాలి."

ఆలోచన చెబితే చిన్నదే. వెనక గొట్టంలో అంటుకునే రెండో మంటకి కిరసనాయిలు ఒక సన్న గొట్టంలోంచి వెళుతుంది. ఆ గొట్టానికి ఒక మూత పెట్టి, మూతని ఎడమ కాలి కింద పెడల్‌కి కలిపితే? కాలు నొక్కి ఉంచినంతసేపూ మంట ఉంటుంది. కాలు లేచిందా, మంట ఆరిపోతుంది. బండి నెమ్మదిస్తుంది. రికార్డు పోతుందేమో గానీ మనిషికి ఏమీ కాదు. ఒకవేళ మనిషే బండి మీద నుంచి పడిపోతే మంట దానంతటదే ఆగుతుంది.

వ్యాను వేసుకుని షెడ్డుకి పోయి, తుక్కులో పడున్న పాత ట్రాక్టరు క్లచ్చి పెడల్, దాని స్ప్రింగూ తెచ్చాడు. ఎండ వాలేలోపు పెడల్ కోసి, అతికించి, మూత బిగించి, మర్డో చేత నూరు సార్లు నొక్కించాడు. నొక్కితే తెరుచుకుంది, వదిలితే టప్పున మూసుకుంది. మర్నాడు పొద్దున మిస్ గార్‌ఫోర్త్ టీ కప్పు చేత్తో పట్టుకునే వచ్చి, వంగి, తన చేత్తోనే పెడల్ నొక్కబోయింది. కదల్లేదు. కప్పు మర్డోకిచ్చి రెండు చేతులూ వేసింది.

"గట్టిగా ఉంది," అంది.

"ట్రాక్టరుది కదండీ."

ఆవిడ సంతకం పెట్టింది.

ఆ తర్వాత అందరూ మళ్ళీ రాళ్ళు ఏరారు. మర్డో కిరసనాయిలు డబ్బాలతో అవతలి చివరికి పోయాడు. ఇవతలి చివర ఐవర్ ఉన్నాడు. హెస్టర్ పడుకుని, ఎడమ కాలు పెడల్ మీద వేసి నొక్కి, బొటనవేలు పైకెత్తి చూపించింది.

కెటిల్ కూత పెట్టింది.

ఐవర్‌కి అప్పుడు తట్టిన సంగతి ఒకటుంది. ఇప్పుడు ఆవిడ కాలు ఎక్కడుందో చూడక్కర్లేదు, వినొచ్చు. ఉరుము ఉరుముతున్నంతసేపూ కాలు లోపల ఉన్నట్టే. అతను కళ్ళు మూసుకున్నాడు. ఉరుము దూరమవుతోంది. గుడిసె దాటింది. ఇంకా ఉంది. ఇంకా...

టప్. ఆగిపోయింది.

కొన్ని గుండె చప్పుళ్ళు అంతే, మళ్ళీ అంటుకుంది. కానీ ఆ కాస్తలో పోవాల్సింది పోయింది. లౌడ్‌స్పీకరులో వేగం చెప్పారు. పళ్ళ డాక్టరు లెక్కకి బాగా కింద.

మర్డో బండి తిప్పి, నూనె పోసి పంపాడు. తిరుగు పరుగులో ఉరుము ఆగలేదు. దగ్గరకొస్తూ, పెద్దదవుతూ, గుడిసె దాటి, రొమ్ము ఎముకలు అదిరేలా ఐవర్ ముందు నుంచే పోయింది. బండి తెల్ల గీత మీద నుంచి బెత్తెడు కూడా తొలగలేదు. లౌడ్‌స్పీకరులో అంకె చెప్పగానే జనం ఈలలు వేశారు. ఈ రన్‌వే మీద రెండు చక్రాల బండి ఎప్పుడూ అంత వేగంగా పోలేదు. కానీ సగటు తీస్తే? మొదటి పరుగు కాళ్ళు పట్టి కిందకి లాగింది. కొద్దిలో పోయింది రికార్డు.

ఐవర్ పరుగెత్తుకుంటూ బండి దగ్గరికి వెళ్ళాడు. హెస్టర్ హెల్మెట్ అద్దం పైకెత్తింది. ముఖం ఎర్రగా ఉంది.

"పర్లేదు హెస్టర్, అలవాటు కదా, మొదటిసారి లేచింది. ఏం చేస్తాం."

"లేవలేదు. నేనే తీశాను."

"ఏంటీ?"

"కావాలనే తీశాను. నిజంగా నా కాలేనా, లేక మీరిద్దరూ పురుగుల్ని చూసి కథ అల్లారా అని. ఇంత బయటికి పెట్టి చూశా. పెట్టగానే ఎడమకి లాగింది, మంట ఆరింది. లోపల పెట్టా, తిన్నగా అయింది. నిజమే ఐవర్, నా కాలే!" ఏదో బహుమతి దొరికినట్టు చెప్పింది.

ఐవర్ డొప్ప అంచు పట్టుకుని వంగాడు. "రికార్డు... ఇన్నేళ్ళు... నువ్వు... చూద్దామని తీశావా?"

"మరి నువ్వు ఈ ఇంజన్ని ఎందుకు తెచ్చావు? ఏమవుతుందో చూద్దామనే కదా?"

కోపం రావాలి. వచ్చింది కూడా, కానీ నోటిదాకా వచ్చేసరికి ప్రశ్నగా మారిపోయింది. "ఎంత లాగింది? బెత్తెడా, మూరెడా?"

"మూరెడు దాటే ఉంటుంది. ఒక్క క్షణంలో."

ఈలోపు గొడుగు ఊపుకుంటూ మిస్ గార్‌ఫోర్త్ వచ్చింది. "ఇక్కడ నిలబడి ముచ్చట్లేంటి మీ ఇద్దరికీ? మొదటి పరుగు, రెండో పరుగు జత కలవకపోతే రెండోది, మూడోది జత కలుస్తాయి. ఎదురెదురు దిక్కులే కదా. గంట అవ్వలేదు ఇంకా. నూనె పోస్తారా, నన్ను పొయ్యమంటారా?"

ఐవర్ డబ్బా కోసం పరుగెత్తాడు. ఆ వయసులో అంత పరుగు అతను ఎప్పుడూ తీయలేదు. పక్క గుడారాల వాళ్ళు వచ్చి తలో చెయ్యీ వేసి బండిని వెనక్కి తిప్పారు. ఇంజను ఇంకా చాలా వేడిగా ఉంది. ముందు ఊరికే తిప్పి, లోపల గాలి పోనిచ్చి చల్లార్చాల్సి వచ్చింది. గడియారం చూడబోతే మిస్ గార్‌ఫోర్త్ దాని మీద చెయ్యి అడ్డం పెట్టింది. "నేను చూస్తున్నాను. మీరు ఇంజను చూడండి."

ఇంజను చల్లారింది. కూత. అరుపు. ఉరుము.

ఐవర్ కళ్ళు మూసుకోలేదు ఈసారి. బండి చుక్కైపోయి, చుక్క వేడి గాలిలో కరిగిపోయే దాకా చూశాడు. ఉరుము మాత్రం ఉంది, ఎక్కడా తెగకుండా, బిందె నుంచి నీళ్ళు ఒక్క ధారగా పోసినట్టు. గుడిసె దాటింది. మైలు దాటింది. అప్పుడు కూడా ఆపలేదు ఆవిడ. ఇంకొంచెం, ఇంకొంచెం, ఆపాల్సిన చోటు దాటి ఇంకొంచెం పోనిచ్చి, అప్పుడు వదిలింది.

లౌడ్‌స్పీకరు గరగరలాడింది. అంకె చెప్పారు, సగటు చెప్పారు, ఆ తర్వాత చెప్పిందంతా జనం కేకల్లో కలిసిపోయింది. ఎవరో ఐవర్ వీపు చరిచారు. ఎవరో చేతిలో చల్లారిన టీ పెట్టారు. పళ్ళ డాక్టరు లెక్క దాటింది. ఎంతో కాదు, కొంచెమే. కొంచెమైనా దాటడం దాటడమే.

అతను వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకున్నాడు. "మర్డో, ఆవిడ బాగుందా? అడుగు, నవ్విందా ఆ గుడిసె దగ్గర?"

కాసేపు గరగరలు. తర్వాత హెస్టర్ గొంతే వచ్చింది, ఆయాసంతో.

"నవ్వాను. కానీ ఈ ముసలి ట్రాక్టరు స్ప్రింగు ఉంది చూశావూ, పిక్క పట్టేసింది. బండి దిగలేకపోతున్నా. నువ్వొచ్చి దింపు."

ఐవర్ టీ కప్పు గడ్డి మీద పెట్టేసి, వ్యాను సంగతి మర్చిపోయి, రన్‌వే మీద నడుచుకుంటూ బయల్దేరాడు.